కొంగల చింతలను ఎందుకు నరికారంటే

రోడ్ల శాఖలో కొత్తగా చేరిన పిల్లలు అప్పుడప్పుడు నా దగ్గరికి వస్తుంటారు. పాత రోజుల సంగతులు చెప్పమంటారు. మొన్న వచ్చిన ఒక కుర్ర ఇంజనీరు, "కట్టంగూర్ దాటినంక రోడ్డుకు రెండు దిక్కుల చింతచెట్లున్నయి గద సార్, ఆ వాగు వంతెన కాడ మాత్రం ఒక్కటి లేదెందుకు? తెగులు గిట్ల తగిలిందా?" అని అడిగాడు. తెగులే తగిలింది బాబూ అన్నాను. ఆ తెగులుకు ఒక జీపు ఉండేది, నెత్తిన టోపీ ఉండేది, సంతకం పెట్టే అధికారం ఉండేది. ఆ పిల్లవాడు నవ్వాడు. నేను నవ్వించడానికి అనలేదు.

కోపం తగ్గిన తర్వాత రాద్దామని ఇన్నాళ్ళూ ఆగాను. అది తగ్గేది కాదని తేలిపోయింది. అందుకని కోపంతోనే రాస్తున్నాను. చదివేవాళ్ళు సర్దుకోవాలి.

మాది మక్తల్ వైపు. మా నాయిన గొర్లు కాసేవాడు. మా కుటుంబంలో మొదట చదువుకున్నవాణ్ని నేనే. యాభైల చివర ఓవర్సియర్ పరీక్ష గట్టెక్కి, పాలమూరు జిల్లాలో కొన్నేళ్ళు మట్టిరోడ్ల మీద దుమ్ము తిని, తర్వాత నల్గొండ వైపు బదిలీ అయ్యాను. కంకర కుప్పలు కొలవడం, గుంతలు పూడ్పించడం, రోడ్డు కింద నీళ్ళు పోయే మోరీలు చూసుకోవడం, గ్యాంగు కూలీల చేత పని చేయించడం ఓవర్సియర్ పని. రోడ్డు పక్క చెట్లు కూడా శాఖ ఆస్తే కాబట్టి వాటిని కాపాడే బాధ్యత కూడా మాదే. ఈ చివరి మాట గుర్తుపెట్టుకోండి. మాకు జీతం ఇచ్చింది చెట్లను కాపాడటానికి కూడా.

నా గ్యాంగు మేస్త్రీ ఆ వాగు పక్క ఊరివాడే. నాకంటే చాలా పెద్దవాడు, బక్కపలచని మనిషి. మాట తక్కువ. పని చెప్తే చేసేవాడు, తిడితే వినేవాడు, మనం అబద్ధం చెప్తే మాత్రం మొఖం కేసి చూడకుండా పారతో మట్టి గీకుతుండేవాడు. అదే ఆయన కోపం.

నేను చేరిన మొదటి వానాకాలంలో ఒకనాడు ఆ ఊళ్ళోంచి శవం వెళుతోంది. ముందు డప్పులు జోరుగా మోగుతున్నాయి. రోడ్డెక్కి చింతల కిందికి వచ్చేసరికి ఠక్కున ఆగిపోయాయి. ఏడ్చే ఆడవాళ్ళు కూడా కొంగులు నోట్లో కుక్కుకొని నడిచారు. చింతల చివరనున్న మోరీ దాటిన తర్వాతే మళ్ళీ డప్పు, మళ్ళీ ఏడుపు. నాకేమీ అర్థం కాలేదు. డప్పుల పెద్దమనిషి వెనక్కి తిరిగి వచ్చేటప్పుడు ఆపి అడిగాను.

"పైన బాలింతలున్నరు సారూ," అన్నాడాయన.

తలెత్తి చూశాను. ఆకు కంటే కొంగలే ఎక్కువ ఉన్నాయి.

"డప్పు కొడితే పిల్లలు బెదిరి కింద పడ్తయి. పడ్డదాన్ని తల్లి మల్ల ఎత్తుకపోదు. మా తాతలప్పటి నుంచి గింతే. వానలు పడ్డ కాడికెల్లి దసరా దాక ఈ చెట్ల కింద పెండ్లయినా పీనుగయినా చప్పుడు చెయ్యం."

గొర్ల మందల వెంట తిరిగే తెల్ల కొంగల్ని చూసి పెరిగినవాణ్నే అయినా, అవి గూళ్ళు ఎక్కడ పెడతాయో అప్పటిదాకా నేను ఆలోచించలేదు. ఆ ఏడు నుంచి చూడటం మొదలుపెట్టాను. రోడ్డు పనిలో వేచి ఉండే సమయం చాలా ఉంటుంది. రోలరు చెడిపోతుంది, కంకర లారీ రాదు, నీళ్ళ బండి రాదు. అలా కూర్చున్నప్పుడల్లా తల పైకెత్తేవాణ్ని.

తొలకరి పడగానే ముందు పెద్ద తెల్ల కొంగలు వచ్చి పై కొమ్మలు పట్టేసేవి. వాటి వెనకే చిన్న తెల్లవి, గుడ్డి కొంగలు, పగలంతా మెడ ముడుచుకొని కూర్చునే చింతవక్కలు. ఒక్కో ఏడు రెండు మూడు జంటలు నారాయణ పక్షులు కూడా వచ్చి అందరికంటే ఎత్తున కూర్చునేవి. మగది పుల్ల తెస్తే ఆడది సర్దేది. పక్క గూటివాళ్ళు మేతకు పోతే వాళ్ళ పుల్ల ఎత్తుకొచ్చేది. ఆ పుల్ల కోసం రోజంతా జగడాలే. మన పంచాయితీ ఆఫీసు నయం అనిపించేది. గూడు చూస్తే నాలుగు పుల్లలు అడ్డదిడ్డంగా పేర్చినట్టు ఉండేది. కింద నుంచి చూస్తే సందుల్లోంచి లేత నీలం గుడ్లు కనబడేవి. అంత పలుచటి గూళ్ళలో పిల్లలు వానకు తడుస్తూ, గాలికి ఊగుతూ బతికేవి.

ఎన్ని ఉండేవని అడక్కండి. ఒకసారి పై ఆఫీసు నుంచి మీ సెక్షన్లో పక్షులుండే చోట్లు తెలపమని కాగితం వస్తే, నేనూ మేస్త్రీ చెట్టు చెట్టుకూ తిరిగి లెక్కపెట్టబోయాం. ఒక చెట్టు పూర్తయ్యేలోగా పోయినవి వచ్చేవి, వచ్చినవి పోయేవి. చివరికి "లెక్కకు అందవు" అని రాసి పంపాను. మక్తల్ నుంచి ఇక్కడిదాకా నేను పనిచేసిన రోడ్ల మీద అంతటి గుంపు ఇంకెక్కడా చూడలేదు. చెరువుల్లోని తుమ్మల మీద చిన్న చిన్న గుంపులుండేవి గానీ, ఊరి పక్కన, బండ్లూ లారీలూ తిరిగే చోట, మనుషుల్ని అంత నమ్మి పిల్లల్ని పెట్టుకున్న కొంగలు మాత్రం ఇవే.

ఊరివాళ్ళంతా దేవతల్లా చూసుకున్నారని చెప్తే మాత్రం అబద్ధం. కంపు భరించలేనిది. నా గ్యాంగులో పనిచేసే ఒక ముసలామె గుడిసె సరిగ్గా ఆ చింతల వెనకే ఉండేది. వానాకాలం పొడుగునా ఆమె కొంగల్ని తిట్టని పూట లేదు. "ఉతికిన బట్ట ఆరేస్తే మల్ల ఉతుక్కునుడే. వీటి సొమ్ము నేనేం తిన్ననో" అని పారతో నేల గీరుతూ తిట్టేది. కానీ ఎండాకాలంలో ఆ చెట్ల కింది మట్టి తవ్వి మిరప మళ్ళకు పోసుకునే వాళ్ళలో మొదటి గంప ఆమెదే.

ఒక సంగతి నాకు లారీ వల్ల తెలిసింది. ఆ చెట్ల కింద ఒక లారీ టైరు తుపాకీ పేలినట్టు పేలింది. గుంపంతా ఒక్కసారి లేచింది. లేవలేని పిల్లలు, భయపడితే ఏం చేస్తాయో అదే చేశాయి. మింగిన మేతంతా కక్కేశాయి. సగం అరిగిన చేపలు, కప్పలు, ఆ వాసన. డ్రైవరు వాగులో దిగి ఎంతసేపు తోముకున్నా అతని పక్కన క్లీనరు కూర్చోలేకపోయాడు. కొంగ మామూలుగా ఉంటే దాని రెట్ట దాని చెట్టు కిందే పడుతుంది, పక్కకు జరిగితే సరిపోతుంది. బెదరగొడితే మాత్రం ఎవరికీ దాక్కునే చోటు ఉండదు.

ఇప్పుడు ఆ జీపూ టోపీ ఉన్న ఇంజనీరు సారు సంగతికి వస్తాను. ఆయన ఎక్కడి నుంచో వచ్చినవాడు కాదు. మా పాలమూరు జిల్లావాడే, మా ఊరికి దగ్గర్లోనే పుట్టాడు. అదే నాకు ఎక్కువ మంట. పై అధికారుల ముందు పుస్తకాల తెలుగు మాట్లాడేవాడు, మా ముందు మాత్రం ఊరి తిట్లన్నీ గుర్తుండేవి. ఆయన హయాంలో వాగు మీద వంతెన పూర్తయింది. దాన్ని తెరవడానికి హైదరాబాదు నుంచి ఒక పెద్దమనిషి వస్తున్నాడని కబురు వచ్చింది. భాద్రపదం. గూళ్ళ నిండా ఇంకా ఎగరలేని పిల్లలు.

ఇంజనీరు సారు జీపు దిగి, అటూ ఇటూ చూసి, చింతల కింద బెత్తంతో గీత గీశాడు. "షామియానా ఈడ."

"ఇక్కడ వద్దు సర్," అన్నాను. "పైన కొంగలున్నయి. బడి ముంగట మైదానముంది, అక్కడ వేద్దాం."

"బడి కాడ నీడేది? పెద్దసారు కారు దిగంగనే నీడ ఉండాలె. గూళ్ళు దులిపియ్యి."

మేస్త్రీ అప్పటికే మట్టి గీకడం మొదలుపెట్టాడు. "దులుపుడు మాతోని కాదు సారూ," అన్నాడు తలెత్తకుండా. గ్యాంగులో ఒక్కరూ కదల్లేదు. ఇంజనీరు సారు నా వైపు చూశాడు. నేను వెంటనే ఒక బేరం పెట్టాను. రెండు పొరల మందం బట్ట కట్టిస్తాను, కింద ఏమీ పడదు, గూళ్ళ జోలికి పోవద్దు. ఒక్కటే షరతు, చెట్ల కింద చప్పుడు చేయకూడదు. లారీ టైరు కథ కూడా చెప్పాను. ఎంత వివరంగా చెప్పాలో అంత వివరంగా, వాసనతో సహా చెప్పాను.

బట్టకు ఒప్పుకున్నాడు. చప్పుడు మాటకు నవ్వాడు.

డప్పుల వాళ్ళను పిలిపించాడు. డప్పుల పెద్దమనిషి తువ్వాల భుజం మీంచి తీసి చేతిలో పట్టుకొని నిలబడ్డాడు. "ఊరి పొలిమేర కాడికెల్లి కొట్టుకుంట వస్తం సారూ. చింతల కాడ ఆపుతం. మోరీ దాటినంక మల్ల ఎంతసేపంటే అంతసేపు కొడ్తం."

"పెద్దసారు దిగేదే చింతల కాడ. ఆడ ఆపితే ఇంగెందుకు మీరు?"

"ఆడ మాత్రం కొట్టం సారూ."

"కొంగలకు మీరు నౌకర్లా, సర్కారుకా?"

ఆయన తువ్వాల మళ్ళీ భుజాన వేసుకున్నాడు. దండం పెట్టి వెళ్ళిపోయాడు. ఇంజనీరు సారు నల్గొండ నుంచి బ్యాండు మేళం మాట్లాడాడు. వాళ్ళతో పాటు పటాకల సరాలు కూడా. నేను మళ్ళీ వెళ్ళి చెప్పాను. బతిమాలినట్టే చెప్పాను, దానికి ఇప్పుడు సిగ్గేమీ లేదు. "నువ్వు రోడ్డు సంగతి చూస్కో. కొంగల సంగతి నేను చూస్త," అన్నాడు.

చూశాడు మరి.

ఆ రోజు ఎండ బాగా కాసింది. షామియానా చక్కగా కట్టాం. తెల్ల కొంగలు ఎప్పటిలాగే మేతకు పోయి వస్తున్నాయి, ఒక్క రెట్ట కూడా లోపల పడలేదు. అంతా సవ్యంగా జరిగిపోతుందేమో అని నాకే ఆశ పుట్టింది. కానీ ఫొటో తీసేవాడు లోపల వెలుతురు చాలదన్నాడు. దండ వేసేది షామియానా బయట, చెట్టు కిందికి మారింది. కారు వచ్చి ఆగింది. పెద్దాయన దిగాడు. తెల్లటి ఖద్దరు. ఇంజనీరు సారు దండ ఎత్తి ఆయన మెడలో వేశాడు. అదే అదునుగా బ్యాండు వాళ్ళు బాకాలు పైకెత్తి ఊదారు, పటాకల సరం అంటుకుంది.

ఆకాశం కనబడలేదు. అన్ని రెక్కల చప్పుడు నేను మళ్ళీ వినలేదు. ఆ వెంటనే పైనుంచి వాన మొదలైంది. చేపలు, కప్పలు, పీతలు, రెట్ట. దండ మీద, ఖద్దరు మీద, ఇంజనీరు సారు టోపీ మీద, బాకాల లోపల. బ్యాండు వాళ్ళు ఊదడం ఆపి పరిగెత్తారు. పటాకలు మాత్రం ఆగవు కదా, అవి కాలేదాకా కాలాయి. చప్పుడుకు గూళ్ళలోంచి పిల్లలు కూడా పడ్డాయి, ఒకటి కారు మీద పడి చచ్చిపోయింది.

నేను నవ్వాను. పిల్లలు పడకముందే నవ్వాను, ఆపుకోలేకపోయాను. ఊరివాళ్ళు కూడా నవ్వారు. ఇంజనీరు సారు ఆ అవతారంలో తల తిప్పి ఎవరెవరు నవ్వుతున్నారో చూశాడు. నన్నూ చూశాడు.

పెద్దాయన మాత్రం కోప్పడలేదు. మెడలో దండ తీసి పక్కన పెట్టి, తువ్వాలతో మొఖం తుడుచుకొని, నీళ్ళడిగి కడుక్కున్నాడు. "వాటిండ్లకు మనమొచ్చి పటాకలు కాల్చినం. జాగ చూస్కోవాల్సింది మీరు," అని ఇంజనీరు సారుతో అన్నాడు. ఆ బట్టలతోనే వెళ్ళి వంతెన తెరిచి, రెండు మాటలు మాట్లాడి వెళ్ళిపోయాడు. ఆయన ఏ చెట్టూ నరకమనలేదు. పోతూ పోతూ చెట్ల వైపు ఒకసారి చూసి నవ్వినట్టు కూడా నాకు గుర్తు. ఇది ఎందుకు చెప్తున్నానంటే, తర్వాత జరిగినదాన్ని పైవాళ్ళ ఆజ్ఞ అని చాలామంది అనుకున్నారు. పైనుంచి ఏ ఆజ్ఞా రాలేదు. అదంతా నడుమ కూర్చున్నవాడి పరువు చేసిన పని.

రెండు రోజులు తిరక్కుండానే లారీలో కొత్త కూలీలు దిగారు. రంపాలు, గొడ్డళ్ళు, మోకులు. వెంట ఒక పోలీసాయన. వెనక జీపులో ఇంజనీరు సారు. వంతెన దగ్గరి చింతలన్నీ ఎండిపోయి రోడ్డుకు ప్రమాదంగా ఉన్నాయని కాగితం తెచ్చాడు. నేను తలెత్తి చూశాను. వాన కడిగిన పచ్చటి ఆకు.

"ఏ చెట్టు ఎండింది సర్, చూపియ్యిండ్రి," అన్నాను.

"నాకు కనబడ్తాంది. నీకు కనబడకుంటే కండ్లద్దాలు పెట్టుకో."

"దసరా దాక ఆగుండ్రి. పిల్లలు ఎగిరిపోతయి. అప్పుడు నరకాల్నంటే నేనే దగ్గరుండి నరికిస్త."

"దసరా దాక ఆగితే బుద్ధెట్ల వస్తది?"

"కొంగలకా సర్?"

"నీకు," అన్నాడు.

ఈ ఒక్క మాట కోసమే నేనిదంతా రాస్తున్నాను. ఆ చెట్లు ఎవరికీ అడ్డం కాలేదు. ఆ కొంగలు ఎవరి పంటా తినలేదు. ఒక మనిషి నలుగురిలో నవ్వులపాలయ్యాడు, నవ్వినవాళ్ళను ఏమీ చేయలేడు, అందుకని నోరులేనివాటి మీద పడ్డాడు. ఇంత చదువు చదివి, ఇంత అధికారం చేతికొచ్చి, దానితో మనిషి చేయగలిగింది ఇదా అని నాకు ఒళ్ళు మండిపోయింది. నోటికొచ్చినట్టు అన్నాను. ఓవర్సియర్ ఇంజనీరును అనకూడని మాటలన్నీ మా ఊరి భాషలో అన్నాను. ఆయనకు ప్రతి ముక్కా అర్థమై ఉంటుంది.

మేస్త్రీ గ్యాంగును తీసుకొని అవతల కూర్చున్నాడు. ఒక్కరూ మోకు పట్టలేదు. చెట్టు మొదట్లో చేతులు చాపి నిలబడింది ఎవరో తెలుసా, రోజూ కొంగల్ని తిట్టే ముసలామె. "బాలింతల మీద గొడ్డలేస్తారురా" అని ఒకటే మాట. పోలీసాయన ఆమె రెక్క పట్టుకొని పక్కకు లాగాడు. ఆ కూలీలు కూడా మా వైపు చూడలేక చూడలేక గొడ్డలి వేశారు.

మొదటి చెట్టు కూలినప్పుడు గూళ్ళన్నీ రోడ్డు మీద పరుచుకున్నాయి. బురదలో పిల్లలు, కొన్నింటికి ఇంకా ఈకలు కూడా రాలేదు. ఆడవాళ్ళు గంపలు తెచ్చి బతికినవి ఏరుకున్నారు. వాగులో చిన్న చేపలు పట్టి నోట్లో పెట్టారు. అవి మింగలేదు. తల్లి గొంతులోంచి వచ్చే మేత తప్ప వాటికి ఇంకేమీ తెలియదు. ఒక్కొక్క గంపలో ఒక్కొక్కటే తల వాల్చేసింది. పైన మాత్రం పెద్దవి మేత మింగుకొని వచ్చి, దిగడానికి కొమ్మ లేక అలాగే తిరిగాయి. చెట్లన్నీ పడిపోయిన తర్వాత కూడా కొన్నాళ్ళు అలా వచ్చి తిరుగుతూనే ఉన్నాయి. వాటి గొంతుల్లో ఉన్న ఆ మేత తలచుకుంటే నాకు ఇప్పటికీ అన్నం దిగదు.

పని పూర్తయినట్టు నివేదిక రాయమన్నారు. "ఎండిన చెట్లు" అని రాస్తే సరిపోయేది. "ఇంజనీరు గారి మీద కొంగలు కక్కినందున, పిల్లలున్న పచ్చని చింతచెట్లను నరికించడమైనది" అని రాసి సంతకం పెట్టి ఇచ్చాను. మార్చి రాయమన్నారు. రాయనన్నాను. వారం లోపలే బదిలీ కాగితం వచ్చింది. నన్ను శిక్షించడానికి పంపిన చోటు ఎక్కడో తెలుసా, మక్తల్. మా నాయిన సంతోషపడ్డాడు, కొడుకు ఇంటి దగ్గరికి వచ్చాడని. ఇంజనీరు సారు తర్వాత ఇంకా పెద్ద కుర్చీలు ఎక్కాడు. రిటైరయిన రోజు ఆయనకు శాలువా కప్పి, ప్రకృతి ప్రేమికుడని కూడా పొగిడారట. ఆ మాట చెప్పినవాడి మీద ఊరికే ఎగిరాను.

మరుసటి తొలకరికి నేను ఉండబట్టలేక సెలవు పెట్టి బస్సెక్కాను. మక్తల్ నుంచి అక్కడికి రావడం అప్పట్లో పెద్ద ప్రయాణమే. ఎందుకు వెళ్ళానంటే సరైన జవాబు లేదు. నేను వాళ్ళ పక్షాన నిలబడ్డానని, దానికోసం బదిలీ అయ్యానని ఊరివాళ్ళకు తెలుసు కదా, నలుగురితో కూర్చొని ఆ ఇంజనీరును తిట్టుకుందామని కాబోలు.

వంతెన దగ్గర దిగాను. కొంగలు వచ్చాయి. వాన తుంపరలో, చెట్లున్న చోట ఎత్తున తిరుగుతున్నాయి. కొన్ని ముక్కులో పుల్ల పట్టుకొనే తిరుగుతున్నాయి. రెండు మూడు వంతెన గోడ మీద వాలి, మళ్ళీ లేచిపోయాయి. ఊరివాళ్ళు కొందరు బయటికొచ్చి చూస్తున్నారు. మేస్త్రీ వాళ్ళలో ఉన్నాడు. నన్ను చూసి దండం పెట్టాడు, దగ్గరికి రాలేదు. పార లేదు కాబట్టి కాలి బొటనవేలితో మట్టి గీకుతూ నిలబడ్డాడు.

ముసలామె మాత్రం గుడిసెలోంచి వచ్చి, నా ముందు నిలబడి, నేను వేసుకొచ్చిన సర్కారు ఖాకీ చొక్కాను కింది నుంచి పైదాకా చూసింది.

"ఇంకేం మిగిలిందని వచ్చినవు సారూ?" అంది.

నేను నరకలేదమ్మా అని చెప్పబోయాను. ఎదురు తిరిగానని, తిట్టానని, రాసిచ్చానని చెప్పబోయాను. అవన్నీ నిజాలే. ఆమె కళ్ళు అప్పటికే నా మీద లేవు, పైన తిరిగే వాటి మీద ఉన్నాయి. నేనేం రాసిచ్చానో వాటికెలా తెలుస్తుంది? తిరుగు బస్సు వచ్చేదాకా ఆ వానలో నిలబడ్డాను. ఆ ఊళ్ళో ఎవరూ నన్ను లోపలికి రమ్మనలేదు.